రోడ్డు మీద లేని వాహనాలు ప్యాకెట్లు మోస్తుంటే

ఎన్‌ఎస్‌-3 అనే నెట్‌వర్క్ సిమ్యులేటర్‌లో, వాహనం నుంచి వాహనానికి రేడియోలో ప్యాకెట్లు (డేటా ముక్కలు) పంపేందుకు అవసరమైనప్పుడే దారి వెతికే ఏఓడీవీ రూటింగ్‌ను పరీక్షిస్తుంటే ఫలితాలు నమ్మలేనంత బాగా వచ్చాయి. ఎర్ర దీపం దగ్గర వాహనాలు గుంపు కడతాయి, గుంపుల మధ్య ఖాళీ మిగులుతుంది. అక్కడ లింకు తెగాలి కదా, తెగడం లేదు!

కారణం సుమో అనే ట్రాఫిక్ సిమ్యులేటర్ నుంచి తెచ్చుకున్న ట్రేస్ ఫైలు, అంటే వాహనాల కదలికల రికార్డు. అందులో వాహనం బయలుదేరకముందు మొదటి స్థానంలో, ప్రయాణం ముగిశాక చివరి స్థానంలో కదలకుండా ఉండిపోతుంది. రేడియో మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. ఈ దయ్యాలే ప్యాకెట్లను దాటిస్తున్నాయి.

ఆ ఫైలును తయారుచేసే సుమో టూల్ ట్రేస్‌ఎక్స్‌పోర్టర్‌లోనే ఒక్కో వాహనం మొదలు, ముగింపు సమయాలను విడిగా రాసిచ్చే ఆప్షన్ ఉంది. ఆ సమయాలకు వెలుపల ఆ వాహనం (నోడ్) రేడియో ఇంటర్‌ఫేస్‌ను ఆపేశాను.

అప్పుడు అసలు రోడ్డు కనిపించింది. గంటకు 60 కి.మీ. వేగంతో ఎదురెదురుగా వెళ్లే రెండు కార్లు 250 మీటర్ల రేడియో పరిధిలో కలిసి ఉండేది 15 సెకన్లే. ఒకే దిశలో 10 కి.మీ. వేగం తేడాతో వెళ్తే 3 నిమిషాలు. అందుకే దారి వెతకడానికి ఏఓడీవీ పంపే మార్గ అభ్యర్థన సందేశం హెడర్‌లో ప్రయాణ దిశను చేర్చి, ఎదురు దిశ వాహనాలు దాన్ని కాస్త ఆలస్యంగా ముందుకు పంపేలా మార్చాను. మార్గాలు తెగడం తగ్గింది. గుంపుల మధ్య ఖాళీకి మాత్రం ఇది మందు కాదు. అక్కడ తర్వాతి వాహనం దొరికేదాకా ప్యాకెట్‌ను దాచి మోసుకెళ్లే ప్రోటోకాల్ కావాలి.