కొత్త జావాస్క్రిప్ట్‌ని బాబెల్ పాత కోడ్‌గా ఎలా మారుస్తుందో మీరే చూడండి

బెజవాడ, గుంటూరు కాలేజీల్లో చాలామంది డైరెక్ట్‌గా రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో మొదలెడతారు, కొత్త కోడ్‌ని పాత బ్రౌజర్లకి అర్థమయ్యేలా మార్చే బాబెల్ అనే టూల్ ఎక్కడో లోపల నడుస్తూ ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. కానీ కస్టమర్ పాత ఫోన్‌లో పేజీ తెల్లగా వచ్చిందంటే అప్పుడు కావాల్సింది ఇదే. ఒక్క కొత్త సింటాక్స్ (కోడ్ రాసే పద్ధతి) అర్థం కాకపోయినా బ్రౌజర్ ఆ ఫైల్ మొత్తాన్నీ వదిలేస్తుంది, ఒక్క లైను కూడా రన్ అవ్వదు.

బాబెల్ సైట్‌లో ట్రై ఇట్ అవుట్ పేజీ తెరవండి, ఎడమవైపు మీరు రాసే కోడ్, కుడివైపు బాబెల్ మార్చిన కోడ్ కనిపిస్తాయి. టార్గెట్స్ (కోడ్ ఏ బ్రౌజర్లలో నడవాలో చెప్పే చోటు) దగ్గర ఐఈ 11, అంటే పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11, అని పెట్టండి, లేదంటే వేరియబుల్ పెట్టే కొత్త పద్ధతి లెట్ (let) లెట్‌గానే ఉండిపోతుంది, చూడ్డానికి ఏమీ ఉండదు.

ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డు రేట్ల పేజీ చేస్తున్నాం అనుకోండి. తేజ, బాడిగ, 334 అని మూడు మిర్చి రకాలకి మూడు బటన్లు, ఫర్ లూప్‌లో లెట్ ఐ పెట్టి ఒక్కో బటన్‌కి, లిస్ట్‌లో ఐ నంబర్ దగ్గరున్న పేరు చూపించే క్లిక్ ఫంక్షన్ తగిలించండి. కుడివైపు చూస్తే లెట్ పోయి పాత పద్ధతి వార్ (var) వచ్చింది, అంతేకాదు లూప్ లోపలి కోడంతా అండర్‌స్కోర్ లూప్ (_loop) అనే ఫంక్షన్‌లోకి వెళ్ళిపోయింది, ప్రతి రౌండ్‌లో ఐ ని దానికిచ్చి పిలుస్తోంది. ఎందుకలా? ఉత్త వార్ పెడితే మూడు బటన్లకీ ఒకటే ఐ, ఎవరైనా నొక్కేసరికి అది 3 అయిపోయి ఉంటుంది, ఏది నొక్కినా అన్‌డిఫైన్డ్ వస్తుంది. ఇప్పుడు క్లిక్ తీసేసి ఊరికే కన్సోల్ లాగ్ పెట్టండి, ఆ ఫంక్షన్ ఉండదు, మామూలు వార్ లూపే. అంటే ఇది ఫైండ్ రీప్లేస్ కాదండీ, కోడ్‌ని ముందు ట్రీగా చదివి, ఐ ని లోపలి ఫంక్షన్ వాడుతోందా లేదా చూసుకుని మరీ మారుస్తోంది. నాకైతే బాబెల్‌లో బాగా నచ్చేది ఇదే.

తర్వాత 2020లో వచ్చిన క్వశ్చన్ మార్క్ డాట్ (?.) ట్రై చేయండి, ఎడమవైపు విలువ లేకపోతే ఎర్రర్ ఇవ్వకుండా ఆగిపోయే సింటాక్స్ అది. ఎడమవైపు ఫంక్షన్ కాల్ ఉంటే దాని రిజల్ట్‌ని ముందు ఒక కొత్త వేరియబుల్‌లో దాచి, అది నల్ (null) అయిందా, అన్‌డిఫైన్డ్ అయిందా అని చెక్ చేస్తుంది, దాచకపోతే ఆ ఫంక్షన్ రెండు మూడు సార్లు రన్ అవుతుంది కదా. యారో ఫంక్షన్ (=>) లోపల దిస్ (this) వాడినా ఇలాగే, బయటి దిస్‌ని ఒక వేరియబుల్‌లో పట్టుకుంటుంది. ఎసింక్ ఎవైట్ (async/await) అవుట్‌పుట్ మాత్రం పెద్దది, ఎవైట్ దగ్గర తెగి స్విచ్ కేసులైపోతుంది, అది చివర్లో చదవండి.

ఒకటి బాగా గుర్తుపెట్టుకోండి, మారేది సింటాక్స్ ఒక్కటే. ప్రామిస్, ఎర్రేలో ఇంక్లూడ్స్ లాంటివి సింటాక్స్ కాదు, పాత బ్రౌజర్‌లో అవి అసలు లేవు, వాటికి కోర్ జేఎస్ లాంటి పాలీఫిల్, అంటే లేని ఫీచర్‌ని బ్రౌజర్‌లో నింపే కోడ్, వేరేగా వేయాలి. పేజీ తెల్లగా వస్తే ముందు కన్సోల్ చూడండి, సింటాక్స్ ఎర్రర్ అయితే టార్గెట్ సరిచేయాలి, నాట్ డిఫైన్డ్, నాట్ ఎ ఫంక్షన్ లాంటివైతే పాలీఫిల్ లేదేమో చూడాలి.

అసలు ప్రాజెక్ట్‌లో మాత్రం ఐఈ 11 పెట్టకండి, దాని సపోర్ట్ 2022 జూన్ 15నే ఆపేశారు. టార్గెట్ ఎంత పాతదైతే ఫైల్ అంత పెరుగుతుంది, స్లో నెట్ ఉన్నవాళ్ళకి అదే భారం. మీ కస్టమర్ల ఫోన్లలో క్రోమ్ ఏ వెర్షనో కనుక్కుని టార్గెట్ బ్రౌజర్లు రాసే సెట్టింగ్ అయిన బ్రౌజర్స్‌లిస్ట్‌లో అదే రాయండి.