పాత పట్టుబట్టల్లో అసలు జరీని గుర్తుపట్టడం, దాచుకోవడం ఎలా?

హైదరాబాద్ వీధుల్లో 'పాత పట్టుచీరలు కొంటాం' అన్న బోర్డులు చూసే ఉంటారు. వాళ్ళకి కావాల్సింది చీర కాదు, జరీలోని వెండి. కాల్చి వెండి తీస్తారు, నేత బూడిదవుతుంది. అందుకే అమ్మమ్మ చీరో, నానమ్మ ఖడా దుపట్టానో (హైదరాబాదీ ముస్లిం పెళ్ళికూతుళ్ళు వేసుకునే దుస్తులు) ఇచ్చేసే ముందు పగటి వెలుగులో పరిచి చూడండి.

ముందు జరీ. అంచు తిరగేసి, వెనకాల ఊడిన పోగు ఒకటి గోటితో మెల్లగా విప్పండి. అసలు జరీలో పట్టుదారానికి సన్నటి వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత వేస్తారు. లోపలి దారం చాలావాటిలో ఎర్రగా ఉంటుంది. తెల్లటి నైలాన్ పోగు బయటపడితే అది మామూలు జరీ. నల్లబడింది కదా అని నకిలీ అనుకోకండి, వెండి పట్టీలు నల్లబడవా!

తర్వాత పట్టు. లోపలి మడత నుంచి తీసిన పోగును పట్టకారుతో పట్టుకుని వెలిగించండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడైతే పట్టు. కరిగి గట్టి పూసలా మారితే పాలిస్టర్.

ఇది అసలు పట్టే అని చెప్పే సిల్క్ మార్క్ లేబుల్ వచ్చింది 2004లో. 'డెబ్బైల నాటి చీర' అని అమ్మేవాళ్ళు ఆ లేబుల్ చూపిస్తే నమ్మొద్దు. పాత పనితనం కంటికి అలవాటవ్వాలంటే చౌమహల్లా ప్యాలెస్‌లో పెట్టిన దుస్తులు ఒకసారి తీరిగ్గా చూసి రండి.

ఇక దాచడం. మా అత్తమ్మ జర్దోజీ (లోహపు తీగలతో చేసే కుట్టుపని) కుర్తీని నేను హ్యాంగర్‌కి తగిలించాను. ఒక్క వానాకాలం దాటేసరికి భుజాల దగ్గర జార్జెట్ పోగులు విడిపోయాయి, పని బరువంతా అక్కడే పడింది. ఆ రోజు ఏడుపొచ్చింది. బరువైన పని ఉన్నవి పడుకోబెట్టే దాచాలి.

గంజి పెట్టని పాత పంచెలో చుట్టండి, ప్లాస్టిక్ కవర్ వద్దు. కలరా ఉండలు జరీకి తగిలితే నల్లబడుతుంది. బదులుగా మిరియాలు, లవంగాలు, ఎండు వేపాకు మూట కట్టి పక్కన పెట్టండి. మూడు నెలలకోసారి మడత మార్చండి, లేదంటే మడత దగ్గరే చీలుతుంది. వానలు తగ్గాక నీడలో ఆరేయండి. నీళ్ళలో మాత్రం ముంచొద్దు, సెంటు కొట్టొద్దు. ఇస్త్రీ తిరగేసి, పైన పల్చటి నూలుగుడ్డ వేసి, తక్కువ వేడితో చేయండి. చిరిగితే టెన్షన్ పడకండి, పాతబస్తీలో రఫూ చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఆ బట్ట ఎవరిది, ఏ పెళ్ళికి కట్టారో పెన్సిల్‌తో చీటీ రాసి మూటలో పెట్టండి. గుండుసూదితో గుచ్చకండి, తుప్పు మరక పోదు.