ఆడుతుండగా ఆరిపోయే కంప్యూటర్: సమస్య - పరిష్కారం

ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు ఆటల కోసం కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునే కుర్రవాళ్లలో చాలామంది విడిభాగాలను ఆన్‌లైన్‌లోనో, విశాఖపట్నంలోనో, బరంపురంలోనో కొంటారు. అవి మొరాయించినప్పుడు మాత్రం మా రిపేరు బల్ల మీదికి తెస్తారు. క్యాబినెట్ విప్పడం, ర్యామ్ తీసి మళ్లీ బిగించడం, బయాస్‌లోకి (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లడం తెలిసినవారిని ఉద్దేశించి ఇది రాస్తున్నాను.

తెర మీద బొమ్మ రాదు, లేదా వచ్చినా ఆట నత్తనడక నడుస్తుంది

మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో ముందు చూడండి. అది గ్రాఫిక్స్ కార్డుకు ఉండాలి, మదర్‌బోర్డుకు కాదు. రైజెన్ 5 5600, ఐ3-12100ఎఫ్ వంటి ప్రాసెసర్లలో సొంత గ్రాఫిక్స్ లేవు కనుక మదర్‌బోర్డుకు కేబుల్ పెడితే తెర నల్లగానే ఉంటుంది. 5600జి వంటివాటిలో బొమ్మ రావచ్చు గానీ, వేలు పోసి కొన్న కార్డు పక్కన ఖాళీగా కూర్చుంటుంది. ఈ ఒక్క పని చేయడానికి గుణుపూర్ నుంచి బస్సులో సీపీయూను మోసుకొచ్చినవారిని చూసి చూసి విసిగిపోయాను.

కేబుల్ సరిగానే ఉండి ఆట ఆగి ఆగి నడుస్తుంటే ర్యామ్ చూడండి. ఒకే 16 జీబీ కర్ర (ర్యామ్ స్టిక్) కంటే రెండు 8 జీబీ కర్రలు మేలు. డీడీఆర్4-3200 ఒక్క కర్ర సెకనుకు 25.6 జీబీ అందిస్తే, జంటగా 51.2 జీబీ అందిస్తాయి. విడి కార్డు లేని 5600జి మీద ఈ తేడా కళ్లకు కనిపిస్తుంది. నాలుగు స్లాట్లు ఉన్న బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండవ, నాలుగవ స్లాట్లలో వాటిని పెట్టి, బయాస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయండి.

డెస్క్‌టాప్ మీద బాగుంటుంది, ఆట మొదలైన కొంతసేపటికి ఒక్కసారిగా ఆరిపోతుంది

ప్రాసెసర్ వేడి ఎంత ఉందో చూసి, ఫ్యాన్లలో దుమ్ము దులపండి. తరువాత పవర్ సప్లై పక్కనున్న చీటీ చదవండి. క్యాబినెట్‌తో పాటు వచ్చే సప్లైల మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉన్నా, 12 వోల్టుల వరుసలో 18 ఆంపియర్లని రాసి ఉంటే ప్రాసెసర్‌కూ, కార్డుకూ అందేది 216 వాట్లే. అలాంటిది కనిపిస్తే మార్చవలసిందే. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే ‘కెర్నెల్-పవర్ 41’ను పట్టుకుని ఇంటర్నెట్‌లో వెతకడం వృథా, కంప్యూటర్ సవ్యంగా ఆగకుండా మళ్లీ మొదలైందని తప్ప అది ఏమీ చెప్పదు.

ఇవన్నీ సరిగా ఉన్నా ఆరిపోతుంటే, నన్ను ఒకసారి బాగా ముంచిన కారణాన్ని చూడాలి. గుణుపూర్ కుర్రవాడొకడు రైజెన్ 5 5600, ఆర్‌టీఎక్స్ 3060 కార్డు ఉన్న కంప్యూటర్ తెచ్చాడు. రాత్రి ఏడు దాటాక ఆట మొదలుపెడితే ఆరిపోతుందని అతని ఫిర్యాదు. మా దుకాణంలో పగలు మూడు గంటలు ఆడించినా ఏమీ కాలేదు. క్యాబినెట్‌తో వచ్చిన సప్లై మీద నాకు ఎలాగూ చిన్నచూపే కనుక, చీటీ కూడా సరిగా చదవకుండా దాన్ని తీయించి, యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుంచి లాగే కరెంటును సరిదిద్దే సర్క్యూట్) ఉన్న మంచి 550 వాట్ల సప్లై కొనిపించాను. వారం తిరక్కుండా వచ్చి, “అన్నా, ఇదివరకు అప్పుడప్పుడు ఆరిపోయేది, ఇప్పుడు రోజూ ఆరిపోతోంది” అన్నాడు. చివరికి ఒక సాయంత్రం వాళ్లింటికే వెళ్లి చూశాను. తప్పు క్యాబినెట్‌లో లేదు. అది బల్ల కింద ఉన్న 600 వీఏ (వోల్ట్-ఆంపియర్) యూపీఎస్‌లో ఉంది.

600 వీఏ అంటే 600 వాట్లు అనుకోకూడదు. సాధారణంగా దాని సామర్థ్యం 360 వాట్లు. ఇప్పుడు లెక్క వేయండి: కార్డుకు 170, ప్రాసెసర్‌కు 76, బోర్డు, డిస్కు, ఫ్యాన్లు అన్నీ కలిపి ఓ 45. మొత్తం 291 వాట్లు. సప్లైలో వేడిగా పోయేది కూడా కలిపితే గోడ నుంచి లాగేది సుమారు 350. మానిటర్‌కు మరో 25 వేస్తే 375 అవుతుంది. కార్డు మిల్లీసెకన్ల పాటు లాగే అదనపు కరెంటు ఈ లెక్కలోకి రాలేదు. డెస్క్‌టాప్ మీద వంద వాట్లు కూడా దాటదు కనుక అప్పుడు యూపీఎస్‌కు ఏ ఇబ్బందీ ఉండదు.

ఇది ఎవరికీ తట్టకపోవడానికి కారణం, ఇంట్లో లైట్లు వెలుగుతూనే ఉండడం. సాయంత్రం ఆ ఇంట్లో మల్టీమీటర్ పెడితే 175 వోల్టులు చూపింది. పక్కింటి నీటి మోటారు మొదలైన క్షణంలో అది ఇంకా పడిపోతుంది. బల్బు ఒక్క రెప్పపాటు మసకబారుతుంది, యూపీఎస్ ‘టిక్’మని బ్యాటరీ మీదికి మారుతుంది, ఆ భారం మోయలేక అక్కడే చేతులెత్తేస్తుంది. దీనికి తోడు చవక యూపీఎస్ బ్యాటరీ మీద ఇచ్చేది మెట్లు మెట్లుగా ఉండే తరంగం. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న కొన్ని సప్లైలకు అది పడదు. నేను కొనిపించిన మంచి సప్లై వల్ల పరిస్థితి మరింత చెడడానికి కారణం ఇదే. ఆ డబ్బు నేను తిరిగి ఇవ్వలేదు గానీ, తరువాతి పనికి కూలి తీసుకోలేదు.

కనుక ఏ భాగమూ మార్చకముందు ఒక పని చేయండి. సీపీయూ ప్లగ్గును యూపీఎస్ నుంచి తీసి నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి, అదే ఆటను, అదే ఇంట్లో, అదే వేళకు ఆడి చూడండి. పగలు పరీక్షిస్తే ఏమీ తేలదు. ఆరిపోవడం ఆగితే దోషం యూపీఎస్‌దే.

డబ్బు ఖర్చు కాని మందు మొదట వేయండి. మానిటర్ 60 హెర్ట్జ్‌ది అయితే ఆటలో సెకనుకు వచ్చే ఫ్రేములను 60కి కట్టేయండి. చాలా ఆటల్లో కార్డు లాగే కరెంటు గణనీయంగా తగ్గుతుంది. అది చాలకపోతే, బ్యాటరీ మీద సైన్ వేవ్ (మెట్లు లేని నునుపైన తరంగం) ఇచ్చేదీ, 600 వాట్లని స్పష్టంగా రాసి ఉన్నదీ అయిన యూపీఎస్ కొనాలి. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవారు అది సైన్ వేవ్‌దో కాదో చూసుకుని, వెనుకనున్న స్విచ్‌ను ‘యూపీఎస్’ వైపు పెట్టాలి. మరో వైపు ఉంటే కరెంటు పోయినప్పుడు అది మారేలోపు కంప్యూటర్ ఆగిపోవచ్చు. అయితే ‘యూపీఎస్’ వైపు పెడితే వోల్టేజ్ సుమారు 180 కంటే తగ్గినప్పుడల్లా బ్యాటరీ మీదికి వెళ్తుంది కనుక, రోజూ సాయంత్రం వోల్టేజ్ పడిపోయే ఇళ్లలో బ్యాటరీ త్వరగా అరిగిపోతుంది. అక్కడ నేను స్టెబిలైజర్ పెట్టిస్తాను.

ఇంకా ఏమీ కొననివారికి ఈ లెక్క మరింత ఉపయోగపడుతుంది. ఇంట్లో ఇప్పటికే 600 వీఏ యూపీఎస్ ఉండి, కొత్తది కొనే స్తోమత లేకపోతే, కార్డును దాన్ని బట్టే ఎంచుకోవాలి. ఆర్‌ఎక్స్ 6600కు 132 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060కి 115, జీటీఎక్స్ 1650కి 75 వాట్లు సరిపోతాయి. అదే ప్రాసెసర్‌తో, మానిటర్‌తో కలిపి మొదటిది 330 దగ్గర ఆగుతుంది. బ్యాటరీ కొత్తదైతేనే దానికి సాహసించండి. చివరిది 260 దగ్గరే ఉంటుంది. కాలబైశాఖి గాలివానలు వచ్చే ఏప్రిల్, మే నెలల్లో రెండేళ్లు దాటిన బ్యాటరీని నమ్ముకుని పెద్ద కార్డు ఆడించకండి.

గోడకు పెట్టినా ఆరిపోతుంటే సప్లైనో, కార్డునో అరువు తెచ్చి మార్చి చూడండి. ప్రాసెసర్ పాడవడం చాలా అరుదు. మదర్‌బోర్డు పోతే వారంటీ బిల్లు పట్టుకుని కొన్నచోటికే వెళ్లండి.