మనోడి మీద పోక్సో కేసు పడితే ముందు ఏం చెయ్యాలి

పోక్సో అంటే 18 లోపు పిల్లల మీద జరిగే లైంగిక నేరాల చట్టం. మా శ్రీకాకుళం ఊళ్ళల్లో కేసవగానే పెద్దమనుషుల్ని వెంటేసుకుని కేసులోని బాధిత పాప ఇంటికెళ్ళి రాజీ మాట్లాడదాం అంటారు, దయచేసి వెళ్ళకండి, సాక్షుల్ని బెదిరించారంటే వచ్చే బెయిల్ కూడా పోద్ది. ముందు లాయర్ని పట్టుకోండి. డబ్బుల్లేకపోతే 15100కి ఫోన్ చెయ్యండి, కస్టడీలో ఉన్నోళ్ళకి ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఫ్రీగా లాయర్నిస్తాది. ఎఫ్ఐఆర్‌లో బీఎన్ఎస్ (ఐపీసీ బదులొచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 65 (16 లోపు పాపపై అత్యాచారం) గానీ 70(2) (18 లోపు పాపపై గ్యాంగ్ రేప్) గానీ ఉందేమో చూడమనండి, ఉంటే ముందస్తు బెయిల్ ఇవ్వరు.

ఇద్దరికీ ఇష్టమే కదా అంటే కుదరదండి, 18 లోపైతే ఇష్టం చెల్లదు, అందుకే వయసు రుజువే ప్రాణం, కోర్టు మొదట చూసేది స్కూలు సర్టిఫికెట్టే, అది లేకపోతే పంచాయతీ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్. వాట్సాప్ చాట్ ఒక్కటి కూడా డిలీట్ చెయ్యొద్దు, కేసులో చెప్పిన రోజు బస్ టికెట్టున్నా జాగ్రత్తగా ఉంచండి. పాప పేరు, ఫోటో గ్రూపుల్లో పెట్టారో, అది ఇంకో కేసు.