ఒక కాలిపై బరువు మోపి నిలబడిన మనిషిని గీయడం ఎలా?

ఇరవయ్యో శతాబ్దం నడుమ రుమేనియాలో గీసిన మానవాకృతి చిత్రాలను చూసి సాధన చేసేవారు చాలామంది నీడలతో మొదలుపెట్టి, మనిషిని నిలబెట్టడం మరిచిపోతారు. బుఖారెస్ట్‌లో చిత్రకళ బోధించిన కామిల్ రెస్సు (1880–1962) బొమ్మలకు బలం గీతలోనే ఉంది. నీడ ఆ తర్వాతి మాట.

మెత్తని బొగ్గు కడ్డీ, కాస్త గరుకైన పెద్ద కాగితం, పిండిలా మెదిగే రబ్బరు, చిన్న బరువు కట్టిన దారం చాలు. పెన్సిల్ వాడకూడదు, అది చేతిని చిన్న చిన్న గీతలకు అలవాటు చేస్తుంది. మోడల్ ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో నిలబడి, తల పైభాగాన్నీ పాదాల అడుగునూ కాగితంపై ముందుగా గుర్తించుకోవాలి. మొత్తం ఎత్తు సుమారు ఏడున్నర తలలుంటుంది.

అసలు కష్టం బరువు దగ్గర వస్తుంది. మోడల్ కుడికాలిపై బరువు మోపితే కుడి తుంటి పైకి లేస్తుంది, కుడి భుజం కిందికి దిగుతుంది, నడుము కుడివైపు ముడుచుకొని ఎడమవైపు సాగుతుంది. తుంటిని వాల్చి భుజాలను మాత్రం సమంగా ఉంచేవారి బొమ్మ ఎంత చక్కగా నీడలు వేసినా పడిపోతున్నట్టే కనిపిస్తుంది. ఎదురుగా నిలబడి దారాన్ని వేలాడదీస్తే, గొంతు కింది గుంట నుంచి దిగే నిలువు గీత బరువు మోసే కాలి లోపలి చీలమండ దగ్గరికి చేరాలి. కాగితంపైనా అదే దారంతో సరిచూడాలి. అంగుళం తేడా ఉన్నా చెరిపి మళ్లీ గీయాలి తప్ప పాదాన్ని పక్కకు జరిపి సర్దకూడదు, ఎందుకంటే అప్పుడు మోకాలు తప్పుతుంది.

మోడల్ అలసిపోతే బరువు మెల్లగా రెండో కాలికి జారుతుంది. అందుకే మొదటి నిమిషంలోనే పాదాల చుట్టూ నేలపై సుద్దముక్కతో గీసి, తుంటి, భుజాల వాలు గీతలు రెండూ కాగితంపై పెట్టేయాలి.

తల నుంచి వరుసగా కిందికి గీసుకుంటూ పోయే పద్ధతిని నేను ఒప్పుకోను, పాదాల దగ్గరికి వచ్చేసరికి తప్పు దిద్దే చోటు మిగలదు. వైద్యుడు దిమిత్రియె జెరోతా పర్యవేక్షణలో రుమేనియా శిల్పి బ్రాంకుషి విద్యార్థిగా ఉన్నప్పుడు చేసి, 1902లో పూర్తిచేసిన చర్మంలేని మనిషి శిల్పం కూడా ఒక కాలిపైనే బరువు మోపి నిలబడుతుంది. దాని ఫొటో దగ్గర పెట్టుకుంటే చర్మం కింద ఏ కండరం బిగిసిందో, ఏది వదులైందో తెలుస్తుంది.

ఆ తర్వాత వెలుపలి గీతను బరువు మోసేవైపు గట్టిగా, రెండోవైపు తేలికగా లాగి, పక్కటెముకల కింద, తొడ లోపల మాత్రమే పలుచగా నీడ వేయాలి. వేలితో రుద్దకూడదు.