సముద్రపు నాచు సాగుకు సబ్సిడీ: దరఖాస్తు చేసే విధానం

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద సముద్రపు నాచు సాగుకు సబ్సిడీ ఇస్తారు. నాచును పెంచే వెదురు తెప్ప ఒక్కోదానికి యూనిట్ ఖర్చును 1,500 రూపాయలుగా లెక్కగట్టారు. ఇందులో జనరల్ వర్గానికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సబ్సిడీ. అంటే మహిళకు తెప్పకు 900 వస్తాయి, 600 తానే పెట్టుకోవాలి. 2020లో మొదలైన ఈ పథకాన్ని 2025-26 వరకు పొడిగించారు కాబట్టి, ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో ముందే కనుక్కోండి.

కాగితాలకన్నా ముందు చోటు తేల్చుకోవాలి. ఎక్కువగా పెంచే కప్పాఫైకస్ రకానికి ఉప్పదనం తగ్గని, అలల తాకిడి లేని నీరు కావాలి. తమిళనాడులోని రామనాథపురం తీరాన అది కుదిరింది. మన తీరంలో ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గర వరద నీరు దిగితే నాచు కుళ్లిపోతుంది. తుపాను నెలల్లో తెప్పే మిగలదు. 12 అడుగుల చదరపు తెప్పకు తాళ్లు కట్టి, వాటికి సుమారు 60 కిలోల నారు ముక్కలు ముడివేస్తారు. చేపలు కొరికేయకుండా అడుగున వల బిగిస్తారు. 45 రోజులకు కోత. పది కిలోల పచ్చి నాచు ఎండితే దాదాపు కిలో మిగులుతుంది, ధర పలికేది ఆ ఎండుదానికే. కాబట్టి ఆరబెట్టే స్థలం కూడా చూసుకోండి.

ఇక దరఖాస్తు. కేంద్ర మత్స్యశాఖ వెబ్‌సైట్ అయిన జాతీయ మత్స్య డిజిటల్ వేదిక (ఎన్‌ఎఫ్‌డీపీ)లో పేరు నమోదు చేసుకోండి. ఆధార్‌కు అనుసంధానమైన ఫోను దగ్గర ఉండాలి. సొంతంగా చేయలేకపోతే కామన్ సర్వీస్ సెంటర్‌లో చేయించుకోవచ్చు. తరువాత జిల్లా మత్స్యశాఖ అధికారికి ప్రతిపాదన ఇవ్వాలి: ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, వర్తిస్తే కుల ధ్రువీకరణ పత్రం, సాగు చోటు, తెప్పల సంఖ్య, ఖర్చు అంచనా. సంఘంగా వేస్తే సభ్యుల జాబితా, తీర్మానం ప్రతి కూడా పెట్టండి. నాచును ఎవరు కొంటారో ప్రతిపాదనలో ఒక్క వాక్యమైనా రాయడం మంచిది, అడగకపోయినా సరే. కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ దీన్ని పరిశీలిస్తుంది.

మంజూరు కాకముందే తెప్పలు కట్టేయకండి. పని తనిఖీ అయ్యాకే సబ్సిడీ ఖాతాలో పడుతుందనుకుని మీ వాటాతో పాటు కొంత డబ్బు చేతిలో ఉంచుకోండి. విదేశీ నారును మాత్రం సొంతంగా తెప్పించుకోకూడదు. దానికి కేంద్ర మత్స్యశాఖ అనుమతి వేరుగా తీసుకోవాలి.