రత్నపురుష వేసే ముందు ఇవి చూసుకోండి

వయొలెట్ల కుటుంబంలో మన చేలల్లో దానంతట అదే మొలిచే మొక్క రత్నపురుష, ఒకే పెద్ద రేకుతో గులాబీ, ఊదా కలిసిన రంగులో పూస్తుంది, చూస్తే వదలబుద్ధి కాదు.

ముందుగా ఒక మాట. అమ్రాబాద్ పులుల అభయారణ్యం వైపు పోయినప్పుడు దయచేసి వేళ్లతో సహా మొక్కను పీకి తేకండి, అనుమతి లేకుండా తీయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చేను గట్టు మీది గింజలు చాలు.

కాయ ఎండగానే మూడు పలకలుగా పగిలి గింజల్ని చిమ్మేస్తుంది, అందుకే రంగు మారుతుండగానే పల్చటి గుడ్డ కట్టేయాలి, ఆలస్యం చేస్తే చేతికి ఏమీ దొరకదు.

చిక్కటి నీడ వద్దు, వేపచెట్టు అంచున ఎండా నీడా మారే చోటు చూడండి. చల్క నేల, అంటే ఇసుక పాలున్న ఎర్ర నేల మంచిది. నల్లరేగడైతే నీళ్లు నిలవకుండా ఇసుక కలిపి కొంచెం ఎత్తు చేయండి.

తొలకరి పడ్డాకే చల్లండి.

పూత లేనప్పుడు సన్నటి ఆకులతో అచ్చం కలుపులాగే ఉంటుంది కాబట్టి కలుపు తీసే అక్కలకు మొక్కను ముందే చూపించండి, ఆ చుట్టుపక్కల గడ్డిమందు అస్సలు కొట్టకండి.

మందు మొక్క కదా అని సొంతంగా కషాయం కాచుకోకండి, వైద్యుణ్ణి అడగండి.